కోణం ఎవరి చేతిలో ఉంది? గుండు కత్తి నుంచి ఐదు బ్లేడ్ల రేజర్ దాకా

తిరుమల కల్యాణకట్టలో గుండు చేసే కత్తికి హంగులేమీ ఉండవు. ఒక పిడి, మడిచే వీలు, బ్లేడు ఇరికించే గాడి, అంతే. అంచుకు కాపలాగా దువ్వెన ఉండదు. స్ప్రింగు ఉండదు. అటూ ఇటూ తిరిగే తల ఉండదు. టీటీడీ రోజూ ప్రకటించే లెక్కల్లో దర్శనం చేసుకున్నవారి సంఖ్య పక్కనే తలనీలాలు సమర్పించినవారి సంఖ్య కూడా ఉంటుంది. చాలా రోజుల్లో అది 20 వేలు దాటుతుంది. పుట్టు వెంట్రుకలు తీయించుకునే పసిపిల్లలు, జడ విప్పి కూర్చున్న ఆడవాళ్లు, చర్మం పలచబడ్డ ముసలివాళ్లు, అందరి తలలూ అలాంటి కత్తితోనే నున్నగా అవుతాయి. అక్కడ తల నున్నగా చేయించుకున్న మనిషే ఇంటికి వెళ్లి ఖరీదైన ఐదు బ్లేడ్ల రేజర్‌తో గడ్డం గీసుకుంటే మెడంతా మంట పుడుతుంది, దవడ కింద గాటు పడుతుంది. చాలామంది అప్పుడు రేజర్ మారుస్తారు. ఇంకో బ్లేడు ఎక్కువున్నది కొంటారు. మంట మాత్రం అలాగే ఉంటుంది.

బ్లేడు చర్మానికి ఏ కోణంలో తగలాలి, దాని మీద ఎంత బరువు పడాలి అన్న రెండు సంగతులూ ఎవరో ఒకరు చూసుకోవాలి. అయితే చెయ్యి, లేకపోతే రేజర్. సుమారు 250 ఏళ్లుగా రేజర్ల తయారీ నడిచిన దారి చూస్తే, ఈ పనిని కొంచెం కొంచెంగా చేతి నుంచి తీసి పరికరానికి అప్పగించడమే కనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. పరికరం ఏ పని తీసుకుందో, ఏ పని ఇంకా మన చేతికే వదిలేసిందో తెలియకుండా వాడినప్పుడే చిక్కు వస్తుంది.

అసలు కత్తి తగలకముందే సగం పని నీళ్లు చేస్తాయి. ఎండిన గడ్డం వెంట్రుక గట్టితనాన్ని అంతే మందం ఉన్న రాగి తీగతో పోల్చడం ఈ రంగంలో మామూలు. అదే వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది, కోయడానికి పట్టే బలం బాగా తగ్గిపోతుంది. దీనికి రెండు మూడు నిమిషాలు కావాలి, గోరువెచ్చని నీళ్లయితే ఇంకా నయం. గుండు చేసే ముందు తల బాగా తడిపి వేళ్లతో కుదుళ్ల దాకా రుద్దడం ఇందుకే. తలకు నూనె పట్టించుకుని కొండెక్కినవాళ్లకు కత్తి లాగినట్టు అనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. నూనె పొర నీళ్లను వెంట్రుకలోకి పోనివ్వదు. గుండు చేయించుకునే రోజు ఉదయం కుంకుడుకాయో షాంపూనో పెట్టి తలంటుకుంటే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది. ఇంట్లో గడ్డానికి కూడా ఇదే లెక్క. స్నానం అయ్యాక గీసుకోవడం, స్నానానికి ముందు గీసుకోవడం ఒకటి కావు.

తడిపిన నీటిని వెంట్రుక దగ్గరే పట్టి ఉంచడం, కత్తి జారడానికి పొరలా పనిచేయడం నురగ చేసే పని. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో చాలా ఇళ్లు బోరు నీళ్ల మీదే ఆధారపడతాయి. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే షేవింగ్ సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, నురగ నిలవదు. గీజర్ కాయిల్ మీద, బకెట్ అంచున పేరుకునే తెల్లటి పొర ఇంట్లో నీళ్లు కఠినమైనవని చెప్పే గుర్తు. బ్రష్‌తో ఎంత తిప్పినా నురగ పలచగా వచ్చి, ఒక చెంప గీసేలోపే రెండో చెంప మీద ఆరిపోతే సబ్బును తిట్టుకోనక్కర్లేదు. తాగడానికి తెచ్చుకునే ఆర్వో క్యాన్ నీళ్లు ఒక చిన్న గిన్నెలో పోసుకుని నురగ వరకు వాటితో చేసుకుంటే తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్లే చాలు.

ఇక అంచు సంగతి. మామూలు రెండంచుల బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. దాని అంచు మీద గట్టిదనానికి ఒక పూత, జారడానికి టెఫ్లాన్ లాంటి మరో పూత ఉంటాయి. ఉక్కుతో పోలిస్తే వెంట్రుక సుమారు 50 రెట్లు మెత్తన. అలాంటి మెత్తటి వెంట్రుక ఉక్కు అంచును ఎలా పాడుచేస్తుందన్నది చాలాకాలం సరైన జవాబు లేని ప్రశ్న. వాడగా వాడగా అంచు అరిగి గుండ్రబడుతుందని అనుకునేవారు. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి ‘సైన్స్’ పత్రికలో వేరే సంగతి రాశారు. అంచు అరగడం కన్నా ముందు అక్కడక్కడా చిన్న చిన్న పెచ్చులుగా చిట్లుతోంది. వెంట్రుక తెగకముందు వంగడానికి వీలున్న చోట, అంటే అంచుకు అది నిటారుగా కాక వాలుగా తగిలిన చోట, ఈ చిట్లడం ఎక్కువ. ఆ ఉక్కు లోపలి నిర్మాణం అన్నిచోట్లా ఒకేలా లేకపోవడం కూడా దానికి తోడవుతుంది.

రోజూ గీసుకునేవాడికి దీని నుంచి అందే సంగతి సూటిగానే ఉంది. పెచ్చు లేచిన అంచు వెంట్రుకను తెంపడం మాని పీకుతుంది, పీకిన చోట చర్మం ఎర్రబడుతుంది. అమెరికా చర్మవ్యాధుల అకాడమీ ఒక బ్లేడును ఐదు నుంచి ఏడు షేవింగ్‌ల తర్వాత మార్చమంటుంది. మన ఇళ్లలో ఒకే బ్లేడు నెల దాటి నడవడం అరుదేమీ కాదు. బ్లేడు దగ్గర చేసే ఈ పొదుపు చర్మానికి నష్టం. కల్యాణకట్టలో మాత్రం ఈ బాధ లేదు. టోకెన్‌తో పాటు కొత్త బ్లేడు ఇస్తారు. అక్కడి షేవింగ్ నాణ్యతకు సగం కారణం క్షురకుల చేతి నేర్పయితే, మిగతా సగంలో పెద్ద వాటా ఈ కొత్త బ్లేడుదే. నేర్పు ఉంటే ఎలాంటి బ్లేడైనా ఫర్వాలేదనే మాట వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు.

తిరుపతిలో ఏ సెలూన్‌లోనైనా కత్తి సిద్ధం చేసే తీరు దగ్గరగా చూడదగ్గది. బ్లేడును కాగితం విప్పకుండానే నిలువునా మడిచి ఫట్‌మని రెండుగా విరుస్తారు. కాగితంలో ఉండగానే విరవడం వల్ల అంచు వేలికి తగలదు, వేలి జిడ్డు అంచుకు అంటదు. ఒక సగం కత్తి గాడిలోకి పోతుంది. గాడి బిగుతుగా ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూస్తారు. వదులుగా ఉంటే పలచటి బ్లేడు గీసేటప్పుడు వణుకుతుంది. ఆ వణుకు కంటికి కనబడదు కానీ చర్మం మీద గీరుకుపోయిన చారలై తేలుతుంది. రెండంచుల సేఫ్టీ రేజర్‌లో ఈ పని పరికరమే చేస్తుంది. పై పలక, కింది పలక కలిసి బ్లేడును కొద్దిగా వంచి బిగిస్తాయి, ఆ వంపు వల్లే పలచటి రేకు గట్టిగా నిలబడుతుంది. పిడి సరిగ్గా బిగించకపోయినా, బ్లేడు ఒకవైపు ఎక్కువ బయటికి వచ్చినా ఆ లాభం పోతుంది. బిగించాక ఒకసారి రెండు వైపులా అంచు సమంగా కనబడుతోందా అని చూడటానికి పెద్దగా టైమ్ పట్టదు.

కత్తి పట్టిన చెయ్యి చూసుకునే మొదటి విషయం కోణం. చర్మానికీ బ్లేడుకూ మధ్య ఇంచుమించు 30 డిగ్రీలు. అంతకన్నా బాగా పడుకోబెడితే బ్లేడు వెంట్రుకల మీద జారిపోతుంది. మరీ నిలబెడితే చర్మాన్ని గీకుతుంది. చెయ్యి తిరిగిన క్షురకుడికి ఇది చప్పుడులో కూడా తెలుస్తుంది. సరైన కోణంలో కత్తి నడిస్తే సన్నగా ‘గర్ర్’ మంటూ వినిపిస్తుంది, కోణం తప్పగానే ఆ చప్పుడు మారుతుంది. ఎడమ చేతి బొటనవేలు ఎప్పుడూ కత్తి నడిచే వైపుకు ఎదురుగా చర్మాన్ని లాగి పట్టుకునే ఉంటుంది. గీత చిన్నది, రెండు వేళ్ల వెడల్పు. గీత గీతకూ అంచు తుడుస్తారు.

రెండోది కదలిక వాటం. కత్తిపీట మీద పండిన టమాటా పెట్టి నిలువుగా నొక్కితే చితుకుతుంది, కొంచెం జరిపామంటే చక్కగా తెగుతుంది. మెత్తటి పదార్థం ఏదైనా అంచు పక్కకు జరిగినప్పుడు చాలా తక్కువ బలానికే తెగుతుంది. చర్మం కూడా మెత్తటి పదార్థమే. ఇంట్లో పడే గాట్లలో ఎక్కువ భాగం బరువు వల్ల కాక, రేజర్ తెలియకుండా అంచు వెంట పక్కకు జారడం వల్ల పడతాయి. పై పెదవి మూల, గడ్డం మొన, చెవి కింద వంపు దగ్గర చెయ్యి తిరిగేటప్పుడు ఇలా అవుతుంది. అంచు ఎటు చూస్తోందో అటే, దానికి అడ్డంగా, తిన్నగా లాగాలి. మలుపు వస్తే ఆపి, రేజర్ ఎత్తి, మళ్లీ పెట్టాలి. ఫోన్ మోగుతోందని ఆదరాబాదరాగా చేసే షేవింగ్‌లో మొదట తప్పేది ఇదే.

తల మీద గుండు తేలిగ్గా నున్నగా వచ్చి, మెడ మీద గడ్డం ఎందుకు సతాయిస్తుందన్న ప్రశ్నకు జవాబు చర్మం కింద ఉంది. మాడు మీద చర్మం కింద గట్టి ఎముక. తల వంచి కూర్చుంటే వెనక భాగం చర్మం దానంతట అదే బిగుస్తుంది. మెడకు ముందువైపు ఆ ఆసరా లేదు. అక్కడ చర్మం వదులు, నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే ఉబ్బుతుంది. పైగా వెంట్రుకలు ఒక్క దిక్కున మొలవవు. చెంప మీద కిందికి, మెడ మీద చాలామందికి పక్కకో పైకో ఉంటాయి. ఒక రోజు పెరిగిన గడ్డం మీద పొడి చేత్తో నాలుగు దిక్కులా రాసి చూస్తే ఎటు గరుకుగా తగులుతుందో అది ఎదురు దిక్కు. ఒకసారి ఇలా చూసుకుంటే చాలు, ఆ వాటం త్వరగా మారదు. మొదటి గీత వాటానికి, కావాలంటే రెండోది అడ్డంగా, ఆ తర్వాతే రివర్స్, అది కూడా మెడ మీద వద్దు. రివర్స్ కొట్టకపోతే షేవింగే కాదని సెలూన్‌లో పట్టుబట్టేవాళ్లు ఉంటారు. వారి మెడ మీద ఎర్రటి గుల్లలు ఉంటే కారణం వెతుక్కోవాల్సిన పనిలేదు.

తల విషయంలో ఈ వాటం లెక్కకు సుడే కేంద్రం. వెంట్రుకలు సుడి నుంచి చుట్టూ బయటికి పరుచుకుంటాయి. అందుకే సుడి దగ్గర మొదలుపెట్టి నుదుటి వైపు, చెవుల వైపు, మెడ వైపు గీస్తూ వస్తే ఎక్కడా ఎదురు పడదు. రెండు సుడులున్న తలకు ఆ రెండింటి మధ్య చోట కత్తి ఆచితూచి నడవాలి. పొడవాటి జుట్టున్న ఆడవాళ్లకు ముందు జుట్టును పాయలుగా ముడివేసి, పాపిట దగ్గర నుంచి గీస్తూ వస్తారు. ముడి వేసిన జుట్టు తన బరువుకే కుదురును లాగి పట్టుకుంటుంది, నిటారుగా నిలిచిన కుదురు సులువుగా తెగుతుంది. పసిపిల్లల దగ్గర లెక్క మారిపోతుంది. సుమారు ఏడాదిన్నర వచ్చేదాకా నడినెత్తిన మాడు మెత్తగానే ఉంటుంది, కింద ఎముక ఆసరా ఉండదు. బిడ్డ ఎక్కడ తల తిప్పుతుందో తెలియదు కాబట్టి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని పట్టుకునే చేతులకు కత్తి పట్టిన చేతికున్నంత పనీ ఉంటుంది.

ఇంత పనీ రోజూ అద్దం ముందు సొంత ముఖం మీద చేసుకోవడం మామూలు మనిషికి కష్టం. సేఫ్టీ రేజర్ పుట్టింది ఈ అవసరంలోంచే. 18వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో జాన్ జాక్ పెరే కత్తి అంచుకు చెక్క కాపు తొడిగాడు. అసలు మలుపు మాత్రం వాడి పారేసే పలచటి బ్లేడు ఆలోచన చేసిన అమెరికా వ్యాపారి కింగ్ క్యాంప్ జిలెట్‌ది. పలచటి ఉక్కు రేకును గట్టిపరచి అంచు తీయడం అసాధ్యమని నిపుణులు అంటుంటే విలియం నికర్సన్ అనే ఇంజనీరు ఆ యంత్రాలు తయారు చేసి చూపించాడు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ మరుసటి ఏడాదికి రేజర్లే 90 వేలు దాటాయి. ఈ రేజర్‌లో బ్లేడుకు ముందు కాపు పట్టీ, పైన టోపీలాంటి పలక ఉంటాయి. కోణం తప్పే అవకాశాన్ని ఆ రెండూ బాగా తగ్గించాయి, పూర్తిగా తీసేయలేదు. పిడిని ఎత్తడం, దించడం మన చేతిలోనే ఉంటుంది. కాపుకూ అంచుకూ మధ్య ఖాళీ ఎక్కువున్న రేజర్ పెరిగిన గడ్డాన్ని బాగా కోస్తుంది, కానీ చర్మం ఆ ఖాళీలోకి ఉబికి అంచుకు దొరుకుతుంది. ఖాళీ తక్కువున్నది మెత్తగా నడుస్తుంది, నాలుగు రోజుల గడ్డమైతే తడబడుతుంది. రోజూ గీసుకునేవాడికీ, ఆదివారం ఆదివారం గీసుకునేవాడికీ ఒకే రేజర్ నచ్చకపోవడం ఇందువల్లే.

లోహపు పిడి బరువు కూడా డిజైన్‌లో భాగమే. బరువైన రేజర్‌ను వేళ్ల కొసలతో పిడి చివర పట్టుకుంటే దాని బరువే చాలు, వేరే నొక్కక్కర్లేదు. తేలికపాటి ప్లాస్టిక్ రేజర్ పట్టుకున్నప్పుడు చెయ్యి తనకు తెలియకుండానే నొక్కడం మొదలుపెడుతుంది. మొండి బ్లేడయితే ఆ నొక్కుడు ఇంకా పెరుగుతుంది.

1971లో ఒకే రేజర్‌లో రెండు బ్లేడ్లు, 1998లో మూడు, 2006లో ఐదు. ఇలా బ్లేడ్లు పెరగడం వెనక ప్రకటనల ఆర్భాటమే ఉందనుకోవడం అన్యాయం. మొదటి బ్లేడు వెంట్రుకను కోస్తూ కొద్దిగా పైకి లాగుతుంది, అది వెనక్కి వెళ్లేలోపే రెండోది ఇంకా కింద కోస్తుంది. బ్లేడ్లు దగ్గర దగ్గరగా ఉంటే మధ్యలో చర్మం ఉబకదు, బరువు ఒక్క అంచు మీదే పడకుండా పంచుకుంటాయి. రేజర్ తల దానంతట అదే తిరుగుతుంది కాబట్టి కోణం దాదాపు పూర్తిగా రేజర్‌దే. చెయ్యి సరిగా నిలవనివారికి ఇది నిజమైన మేలు.

ఆ మేలుకు ఖరీదు కూడా ఉంది. ఒక్కసారి రేజర్ నడిస్తే ఒకే చోట ఐదు అంచులు రాసుకుంటాయి. అదే చోట రేజర్ మూడుసార్లు నడిపితే పదిహేను. చర్మం మట్టానికి కిందికి తెగిన వెంట్రుక, అందులోనూ రింగులు తిరిగేది, మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా చర్మంలోకే గుచ్చుకుంటుంది. మెడ మీద వచ్చే గుల్లల్లో చాలావాటికి కారణం ఇదే. అలాంటి చర్మానికి నున్నదనం కొంచెం తగ్గించుకోవడమే మందు. ఒకే బ్లేడు, వాటానికి గీత, చర్మాన్ని మరీ లాగకపోవడం, అప్పటికీ తగ్గకపోతే ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు ఉంచేయడం మంచిది. పెళ్లికొడుకు కావాల్సినవాడు పెళ్లి రోజు పొద్దున మొదటిసారి కొత్త రకం రేజర్ పట్టకూడదని చెప్పేది కూడా అందుకే.

బ్లేడ్ల మధ్య ఇరుకు ఇంకో ఇబ్బంది తెస్తుంది. మూడు రోజుల గడ్డమైతే వెంట్రుకలు అందులో ఇరుక్కుంటాయి, కుళాయి కింద గట్టి ధార పెడితే తప్ప పోవు. ఈ విషయంలో జిలెట్ కంపెనీ మన దేశంలో గట్టి పాఠమే నేర్చుకుంది. 2002లో భారత్ కోసం తెచ్చిన రేజర్‌ను ముందుగా అమెరికాలో చదువుకునే భారతీయ విద్యార్థులతో పరీక్షించారు. వాళ్ల గదుల్లో కుళాయి నీళ్లున్నాయి. ఇక్కడ చాలామంది నేల మీద కూర్చుని, చిన్న అద్దం, ఒక గిన్నెడు నీళ్లతో గీసుకుంటారు, ఆ నీళ్లకు ఆ రేజర్ శుభ్రం కాలేదు. తర్వాత ఇళ్లకు వచ్చి, గీసుకునే తీరు గంటల తరబడి చూసి, 2010లో ఒకే బ్లేడున్న గార్డ్ రేజర్ తెచ్చారు. అప్పట్లో ధర 15 రూపాయలు, బ్లేడు 5 రూపాయలు, గిన్నె నీళ్లలో ఆడిస్తే వెంట్రుకలు పోయే పెద్ద సందు, ముందు చర్మాన్ని అదిమి పట్టే దువ్వెన. వేసవిలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధిలో ఐదు బ్లేడ్ల రేజర్ కన్నా అదే మంచి డిజైన్. నీళ్లెన్ని ఉన్నాయి, గడ్డం ఎన్ని రోజులది, చెయ్యి ఎవరిది అన్నవి చూడకుండా ఏ రేజర్ గొప్పదో తేల్చలేం.

శుభ్రత విషయం సూటిగా చెప్పాలి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కంటికి కనబడని గాటు చాలు దానికి. ఏ సెలూన్‌లోనైనా తన కళ్ల ముందే కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. బ్లేడు మార్చి, అందరికీ ఒకే పటిక ముక్క రాస్తే ఆ జాగ్రత్త సగమే తీసుకున్నట్టు. పటిక మంచిదే, చిన్న గాట్ల రక్తం ఆపుతుంది, కానీ ఎవరిది వారికి ఉండాలి. కొత్తగా గుండయిన తల మీద చందనం చల్లగా హాయిగా ఉంటుంది గానీ తిరుపతి ఎండను ఆపలేదు. ఇన్నాళ్లూ జుట్టు నీడలో ఉన్న చర్మం మధ్యాహ్నం ఎండలో త్వరగా కమిలిపోతుంది. టోపీయో కండువాయో తప్పనిసరి.

ఇంట్లో మంచాన పడ్డ తండ్రికో తాతకో గడ్డం గీయాల్సి వచ్చినప్పుడు ఈ లెక్కలన్నీ ఒకేసారి ముందుకొస్తాయి. సొంత ముఖం అయితే ఎక్కడ గుచ్చుతోందో చర్మమే చెబుతుంది. ఎదుటి మనిషి ముఖం మీద ఆ కబురు చేతికి అందదు. క్షురకులు ఏళ్ల తరబడి నేర్చుకున్నది ఆ కబురు లేకుండా పనిచేయడమే. ఇంట్లోవారికి అంత అలవాటు ఉండదు కాబట్టి ఇక్కడ కోణాన్ని రేజర్‌కే వదిలేయడం మంచిది. దువ్వెన కాపున్న రేజర్, కొత్త బ్లేడు. వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు ముఖం మీద రెండు మూడు నిమిషాలు ఉంచాలి. ముసలితనంలో చెంపలు జారి ఉంటాయి కాబట్టి ఒక చేత్తో చర్మాన్ని చెవి వైపు మెల్లగా లాగి, వాటానికే గీయాలి. ఒకసారి గీసి వదిలేయాలి, నున్నగా రాలేదని రెండోసారి పోకూడదు. గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారికైతే బ్లేడు జోలికి పోకుండా ఎలక్ట్రిక్ షేవర్ వాడాలి. వారికి చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు.